కొలువు విడుచునప్పటి గడువు

విరాటపర్వము వినని తెలుగు ఆడుబిడ్డ యుండదు. వానలు వెనుకబట్టిన యేట పల్లెలలో విరాటపర్వము చదివించు వాడుక మన పెద్దల కాలమునుండియు గలదు. ద్రౌపదీదేవి సైరంధ్రి యను పేర సుధేష్ణ కొలువున చేరుటయు, కీచకుని ఆగడమును, భీమసేనుడు వానిని మట్టుపెట్టుటయు మన మందఱ మెఱిగినవే. కాని ఆ కథలో రెండు చిన్న విషయములను మనము తఱచుగా గమనింపక దాటిపోవుదుము.

కొలువున చేరునప్పుడే ద్రౌపది తన నియమములను రాణికి స్పష్టముగా చెప్పినది. ఎంగిలి ముట్టననియు, ఒకరి కాళ్లు కడుగననియు ఆమె చెప్పగా సుధేష్ణ అందుల కొప్పుకొన్నది. ఇది మొదటిది. కీచకవధ జరిగిన పిమ్మట విరాటుడు వెఱచి, ఈ సైరంధ్రిని పంపివేయుమని రాణితో చెప్పినాడు. అప్పుడు ద్రౌపది ధనము నడుగలేదు, దయ నడుగలేదు. ఇంక పదుమూడు దినముల గడువు మాత్రము కోరినది. ఇది రెండవది. అజ్ఞాతవాసము ముగియుటకు ఆ దినములే చాలినవి.

చేరునప్పటి నియమము, విడుచునప్పటి గడువు. నేటి ఉద్యోగములలో పుట్టుచున్న తగవులలో చాల భాగము ఈ రెంటిని గుఱించినవే. ఇవి మగవారి వ్యవహారములని మన మూరకుండుటకు వీలులేదు. మన ఆడుబిడ్డలు హైదరాబాదులోను, చెన్నపట్టణములోను, బెంగుళూరులోను వేలకొలదిగా ఉద్యోగములు చేయుచున్నారు. ఈ సంగతి నా యింటనే జరిగి నాకు కనువిప్పు కలిగించినది గావున సోదరీమణులకు తెలుపుచున్నాను.

మా అక్కగారు వితంతువు, కొడవలూరులో మా యింటికి నాలుగిండ్ల యవతల నొంటరిగా నున్నది. ఆమెకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల హైదరాబాదులో ఒక సాఫ్టువేరు కంపెనీలో నాలుగేండ్లుగా పనిచేయుచుండెను. గడచిన యేడు అక్క పెరటి గట్టుమీద జాఱిపడగా తుంటి యెముక విఱిగినది. శస్త్రచికిత్స జరిగినది గాని మునుపటివలె నడువలేకున్నది. పిల్ల తల్లికి దగ్గఱగా నుండదలచి చెన్నపట్టణములో వేఱొక ఉద్యోగము సంపాదించుకొన్నది. అక్కడివారు వారమునకు రెండు దినములు కార్యాలయమునకు వచ్చి, తక్కిన దినములు ఇంటినుండియే పనిచేయవచ్చు ననిరి. నెల్లూరినుండి రైలులో సుమారు మూడు గంటల ప్రయాణము. అందఱము సంతోషించితిమి. అయితే నలువదియైదు దినములలో వచ్చి చేరవలెనని వారు షరతు పెట్టిరి.

పిల్ల తన నియామకపత్రము తీసి చూచుకొన్నది. విడువదలచినచో ఒక నెల ముందుగా తెలుపవలెనని దానిలో నున్నది. ఆ ప్రకారమే రాజీనామా వ్రాసి యిచ్చినది. మఱునాడు కంపెనీవారినుండి జాబు వచ్చినది. ఒక నెల కాదు, మూడు నెలలుండవలెను. లేనిచో రెండు నెలల జీతము కట్టవలెను. అంతవఱకు విడుదల పత్రమీయము. ఇదీ ఆ జాబు సారాంశము.

"పిన్నీ, నేను ఒప్పుకొన్నది ఒక్క నెల. వీళ్లు మూడు నెలలంటున్నారు. ఎప్పుడు మార్చారో నాకే తెలియదు" అని పిల్ల టెలిఫోనులో కంటతడి పెట్టినది. విచారింపగా తేలిన దేమనగా, రెండేండ్ల క్రిందట కంపెనీవారు ఒక కొత్త నిబంధనావళిని కంప్యూటరులో నందఱకును పంపిరట. "చదివితిని" అను మీట నొక్కనిదే ఆ దినమున హాజరు వేసికొనుటకు వీలు కాలేదట. పిల్లయు తక్కినవారివలెనే నొక్కి పనిలోనికి పోయినది. ముప్పదియేడు పుటల ఆ కాగితములలో ఎక్కడనో ఒకచోట, ఒక నెల మూడు నెలలుగా మాఱియున్నది.

అసలీ ముందుగా తెలుపు గడువు ఎందులకు పుట్టినదో మొదట చూతము. అది ఒకరిని కట్టివేయుటకు పుట్టినది కాదు. పనివాడు హఠాత్తుగా పోయిన యజమాని పని చెడును. యజమాని హఠాత్తుగా పొమ్మన్న పనివాని కుటుంబము పస్తుండును. ఇరువురకును కొంత ఊపిరి తీసికొను వ్యవధి కావలెను. మా కొడవలూరు చుట్టుపట్ల వరిసేద్యమే ముఖ్యము. వెనుకటి రోజులలో పాలేరును ఏడాదికి కుదుర్చుకొనెడివారు. నాట్ల నడుమ పాలేరు వెడలిపోయినచో రైతు చెడును. కుప్ప నూర్చి గడువు తీఱిన పిమ్మట, ఇంక మూడు నెలలుండి పొమ్మని రైతు పట్టుపట్టినచో పాలేరు చెడును. గడువు ఇరువురిదిని, మాటయు ఇరువురిదిని.

మన ధర్మశాస్త్రకర్తలును ఈ తగవుల నెఱిగినవారే. వ్యవహారపదములలో జీతము నెగవేయుట యొకటి, ఒప్పుకొన్న పని చేయకుండుట యొకటి యని విడివిడిగా చెప్పిరి. ఆరోగ్యముండియు గర్వముచే పని మానినవానికి జీతము లేదనియు, రోగముచే మానినవాడు కోలుకొని పని ముగించినచో ఎంత కాలమునకైనను జీతము ముట్టవలెననియు మనువు విధించెను. కౌటిల్యుడు ఇంకొక చక్కని మాట చెప్పెను. పనివానికిని యజమానికిని గల ఒడంబడిక ఇరుగుపొరుగువారికి తెలిసియుండవలె ననెను. ఎందుచేత? పిమ్మట ఒకడు మాట మార్చినచో సాక్షి కావలెను గదా! నేడు ఇరుగుపొరుగు స్థానమున కాగితము వచ్చినది. అందుచేతనే కాగితమును మార్చు అధికార మెవరిదను ప్రశ్న ఇంత పెద్దదైనది.

మన దేశములో ఒకప్పుడు కొలువు విడుచుటయే నేరముగా నుండెను. 1859వ సంవత్సరపు చట్టమొకటి, ముందుగా సొమ్ము పుచ్చుకొని పని మానిన కూలివానిని చెఱసాలకు పంపుటకు వీలు కల్పించినది. 1925లో దానిని రద్దుచేయు శాసనము వచ్చువఱకు అది నిలిచియుండెను. అప్పు తీఱువఱకు తరతరములుగా చాకిరి చేయించుకొను వెట్టిని 1976 నాటి చట్టము నిషేధించినది. ఇట్లు కొలువు విడుచు స్వాతంత్ర్యము ఊరక వచ్చినది కాదు. గడువు నొక నెలనుండి మూడు నెలలకు పెంచుట వెట్టితో సమానమని నేననను. కాని విడుచు హక్కును కొంచెము కొంచెముగా బిగించుట యెచ్చట ఆగవలెనో ఆలోచింపవలసియున్నది.

ఇక నేటి చట్టము సంగతి. మావారు బడిపంతులైనను ఇట్టి కాగితములు చదువుట యందు ఓపిక గలవారు. వారును, నెల్లూరిలో న్యాయవాదిగా నున్న వారి మిత్రు డొకరును కలిసి నాకు బోధపఱచినది ఇది.

1872 నాటి ఒడంబడికల చట్టము ననుసరించి, ఒడంబడికను మార్చుటకు ఉభయుల సమ్మతి కావలెను. ఒక పక్షము తనంత తాను మార్చిన మార్పు రెండవ పక్షమును కట్టదు. ఇది మూలసూత్రము. అయితే కంపెనీల నియామకపత్రములలో చివర నొక చిన్న వాక్యముండును. "కంపెనీ తన నిబంధనలను ఎప్పటికప్పుడు మార్చవచ్చును, అవి ఉద్యోగికి వర్తించును" అని దాని భావము. ఆ వాక్యముమీద చేవ్రాలు చేసినవారు ముందుగానే సమ్మతించిరని కంపెనీ వాదించును. ఆ వాక్యము చిన్న చిన్న పద్ధతులకే గాని, కొలువు విడుచు గడువువంటి ముఖ్య షరతునకు వర్తింపదని ఉద్యోగి వాదించును. మార్పు తెలిసియు నోరు మెదపక పనిచేయుచుండుట కూడ సమ్మతియే యని యొక వాదము. అందుచేత ఎదుటివారి తప్పు ఎంత స్పష్టముగా కనబడినను, గెలుపు మనదే యని ముందుగా నెవరును చెప్పలేరు.

కర్మాగారముల కార్మికులకు కొంత రక్ష గలదు. 1946 నాటి స్టాండింగు ఆర్డర్ల చట్టము క్రింది నమూనాలో, నెలజీతముగల శాశ్వత కార్మికుడు విడిచినను, యజమాని తొలగించినను గడువు ఒక్క నెలయే. ఆ చట్టము క్రింద ధ్రువపడిన నియమములను యజమాని తన యిచ్చవచ్చినట్లు మార్చుటకు వీలులేక యుండెను. 2025 నవంబరు 21వ తేదీనుండి దాని స్థానమున 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి అమలునకు వచ్చినది. దానిలో ఈ స్టాండింగు ఆర్డర్లు మూడువందలమంది కార్మికులు, అంతకు మించియు నున్నచోట్ల వర్తించును. జీతము, పనిగంటలు, సెలవులు మొదలగువానిని మార్చు యజమాని ఇరువదియొక్క దినముల ముందు కార్మికులకు తెలుపవలెనను నియమము 1947 నాటి చట్టములోను ఉండెను, కొత్త స్మృతిలోను ఉన్నది. కాని ఆ పట్టికలో రాజీనామా గడువు పేరు పెట్టి లేదు. పైగా సాఫ్టువేరు ఉద్యోగులు చట్టము చెప్పు "కార్మికుల" క్రిందికి వత్తురా రారా యనునదే ఇంకొక తగవు. మా పిల్లవంటివారు ఈ సందులోనే చిక్కుకొనుచున్నారు.

న్యాయస్థానములు ఇరువైపులను చూచినవి. కలకత్తాలోని ప్రభుత్వ జలరవాణా సంస్థ యొకటి, కారణము చెప్పకుండ మూడు నెలల నోటీసుతో శాశ్వతోద్యోగిని తొలగింపవచ్చునని నియమము పెట్టుకొనగా, 1986లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినది. బలవంతునికిని బలహీనునికిని నడుమ జరిగిన ఒడంబడికలో బలహీనుని చేవ్రాలు నిజమైన సమ్మతి కాకపోవచ్చునని అప్పుడు చెప్పినది. అదే కోర్టు 2025 మే నెలలో, మూడేండ్లు పనిచేయవలెను, లేనిచో రెండు లక్షల రూపాయలు చెల్లింపవలెనని ఒక ప్రభుత్వ బ్యాంకు చేరునప్పుడే పెట్టిన షరతు చెల్లునని తీర్పు చెప్పినది. ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మనకొక సంగతి స్ఫురించును. చేరునప్పుడు స్పష్టముగా చెప్పిన సహేతుకమైన షరతు ఒకటి. బలిమిచే నెత్తిన పెట్టిన షరతు వేఱొకటి.

గడువును మధ్యలో పెంచుట ఎట్టి కలతలు తెచ్చునో విమానచోదకుల కథ చెప్పును. మన దేశములో చోదకుల రాజీనామా గడువును పౌరవిమానయాన శాఖవారు 2005లో ఆఱు నెలలుగా నిర్ణయించిరి. 2017 ఆగస్టులో ప్రధాన చోదకులకు దానిని ఒక సంవత్సరము చేసిరి. చోదకుల సంఘములవారు ఒప్పుకొనక ఢిల్లీ హైకోర్టు కెక్కిరి. 2023లో ఆకాశ విమాన సంస్థనుండి నలువదిముగ్గురు చోదకులు గడువు పూర్తిచేయకయే వెడలిపోగా, విమానములు రద్దుచేయవలసివచ్చి, సంస్థవారు బొంబాయి హైకోర్టులో దావా వేసిరి. ప్రయాణికుల ఇక్కట్టు నిజమే. గడువవసరము కూడ నిజమే. అయినను ఆ నియమములలోనే ఒక న్యాయమైన మాటయున్నది. గడువు నడచుచుండగా యజమాని జీతము తగ్గించినను, షరతులు చోదకునికి నష్టముగా మార్చినను, ముందుగా విడువుమని కోరుటకు అతనికి హక్కు గలదు. అనగా మాట తప్పినవారు మాట నిలుపుమని పట్టుపట్టరాదని తాత్పర్యము.

ఇతర దేశములలో నెట్లున్నది? ఇంగ్లండులో 1996 నాటి చట్టము ప్రకారము, నెల దినములు పనిచేసిన ఉద్యోగి విడుచుటకు కనీసపు గడువు ఒక్క వారము. ఒడంబడికలో ఎక్కువ వ్రాసికొన్నచో అది వేఱు. జర్మనీ పౌరస్మృతిలో సాధారణముగా నాలుగు వారములు. అంతేకాదు, ఉద్యోగి గడువు యజమాని గడువుకంటె ఎక్కువగా నుండరాదని అక్కడ స్పష్టముగా శాసించిరి. ఆ తక్కెడ నాకు మిక్కిలి నచ్చినది. మన సంస్థలలో కొన్ని, ఉద్యోగి వెడలునపుడు మూడు నెలలును, తాము తొలగించునపుడు ఒక నెలయు వ్రాసికొనుచున్నవి. ఒకే తక్కెడకు రెండు తూనికరాళ్లు!

కంపెనీల కష్టమును నేను తోసివేయను. పని నేర్పినవారు, ఆ పిల్ల చేతిలో పెద్ద పని యుంచినవారు, ఒక్క నెలలో ఇంకొకరిని వెదకి నేర్పుట కష్టమే. మా యింట వంటమనిషి పండుగ ముందునాడు మానినప్పుడు నాకెంత కోపము వచ్చినదో మఱవలేదు. అయితే వారికి మూడు నెలలు కావలసినచో చేరునప్పుడే చెప్పవలెను. నడుమ మార్చదలచినచో పిలిచి చెప్పి, ఒప్పించి, వేఱుగా చేవ్రాలు తీసికొనవలెను. తమ గడువును కూడ అంతగా పెంచుకొనవలెను. హాజరు మీట వెనుక దాచి పెట్టుట పెద్దమనిషి పని కాదు.

ఈ గడువు పెరుగుట మగవారికంటె ఆడువారికి ఎక్కువ బరువు. మగవాడు తఱచుగా జీతము పెరుగునని ఉద్యోగము మార్చును. ఆడుది పెండ్లియై అత్తవారి ఊరికి పోవలెననియో, భర్తకు బదిలీ యయ్యెననియో, తల్లి మంచము పట్టెననియో మార్చును. ఈ కారణములకు ముహూర్తము మన చేతిలో లేదు. తల్లి తుంటి విఱుగుటకు మూడు నెలల ముందు నోటీసు ఎవ రిత్తురు? గడువు దాటలేక ఉద్యోగమే మానివేసి, పిమ్మట చేరలేక ఇంటనే నిలిచిపోయిన చదువుకొన్న పిల్లలను నేనెఱుగుదును.

ఇక మా పిల్ల యేమి చేసినదో చెప్పెదను. మొదట ఆమెకు కలిగిన తలంపు, చెప్పకుండ పోవుదమా యని. మావారు వలదనిరి. చెప్పక పోయినచో తప్పు మనవైపునకు వచ్చును. విడుదల పత్రము లేనిదే ముందుముందు చిక్కులు. న్యాయస్థానము ఇష్టములేనివారిచేత బలవంతముగా కొలువు చేయింపదు గాని నష్టపరిహారము కట్టుమనవచ్చును. ఆ పరిహారమైనను సహేతుకముగా నుండవలెనే గాని కాగితములో వ్రాసిన మొత్తమంతయు తప్పక రావలెనని లేదు. ఇవన్నియు విని పిల్ల మెత్తబడినది.

తరువాత నేనును మావారును కూర్చుండి ఒక లేఖ చిత్తు వ్రాసితిమి. పిల్ల దానిని ఇంగ్లీషులో వ్రాసి పంపినది. అందులో కోపపుమాట ఒక్కటియు లేదు. చేరిననాటి షరతు ఒక నెల. "చదివితిని" అనుటకును "అంగీకరించితిని" అనుటకును భేదము గలదు. ఈ మార్పునకు నేను వేఱుగా చేవ్రాలు చేసిన కాగిత మున్నచో చూపుడు. అయినను సంస్థ పని చెడకుండ నలువదిరెండు దినములుండి, నా స్థానమున వచ్చువారికి పని యంతయు నేర్పి పోయెదను. తల్లి అనారోగ్యమునకు వైద్యుని పత్రము జతపఱచుచున్నాను. ఇంతే.

పది దినములు సమాధానము రాలేదు. అక్క మంచముమీదనుండి దినమునకు నాలుగుమార్లు అడిగెడిది. చెన్నపట్టణపు గడువు ఒక్కొక్క దినము తఱుగుచుండెను. కడకు కంపెనీవారు నలువదిరెండు దినముల కొప్పుకొనిరి. అయితే మిగిలిన దినములకు బదులుగా ఆమెకు నిలువయున్న సెలవులన్నియు సరిపెట్టుకొని, పది దినముల జీతము తగ్గించిరి. న్యాయముగా చూచిన అదియు మిగులవలసినదే. కాని కోర్టుకెక్కు ఓపికయు కాలమును మాకు లేవు. పిల్ల గడువులోపల చెన్నపట్టణములో చేరినది. ఇప్పుడు వారమునకు నాలుగైదు దినములు తల్లి దగ్గఱనే యుండి పని చేసికొనుచున్నది.

ఈ యనుభవమునుండి నేను నేర్చుకొన్నవి సోదరీమణులకు మనవి చేయుచున్నాను. బిడ్డ ఉద్యోగములో చేరిన దినముననే నియామకపత్రము నకలొకటి ఇంట భద్రపఱచుడు. పెండ్లిపత్రికను దాచుకొనునట్లే దీనిని దాచుకొనవలెను. జీతము ఎంత యని యడిగినట్లే, విడుచు గడువెంత, అది ఇరువైపుల సమానమా యని అడుగుడు. నడుమ కొత్త నిబంధనలు వచ్చినచో, గడువు, జీతము, బదిలీ అను మూడు సంగతులనైనను చదివిన పిమ్మటనే మీట నొక్కుమని పిల్లలకు చెప్పుడు. ఒప్పుకొననిచో ఆ వారములోనే రెండు పంక్తులు వ్రాసి తెలుపవలెను. నాలుగేండ్లు ఊరకుండి ఆనక అడుగుటకంటె అది మేలు. కొత్త చోట చేరు తేదీ నిశ్చయించుకొనుటకు ముందే పాతచోటి గడువు చూచుకొనవలెను. రాజీనామా ఇచ్చినపుడు తేదీతో కూడిన ఆధార ముంచుకొనవలెను. 2019 నాటి వేతన స్మృతి 2025 నవంబరునుండి అమలులో నున్నది. దాని ప్రకారము, రాజీనామా చేసినవారి జీతపు బాకీ రెండు పనిదినములలో చెల్లింపవలెనని కూడ తెలిసికొనియుండుట మంచిది.

మన బిడ్డలును తమ మాట నిలుపుకొనవలెను. ఒకచోట చేరెదనని చెప్పి, ఇంకొకచోట ఎక్కువ యిచ్చిరని చేరక మానువారును గలరు. గడువు నడుమ చెప్పక మాయమగువారును గలరు. అట్టివారివలన భయపడియే కంపెనీలు గడువులు పెంచుచున్నవని మావారి మిత్రుడు చెప్పినది కొంతవఱకు నిజము. ఒకరి మాట తప్పు ఇంకొకరి నెడల కట్టుబాటుగా మాఱుచున్నది.

ద్రౌపది పదుమూడు దినములే కోరినది. గడువు మీఱి ఒక్క దినమైనను అడుగలేదు. సుధేష్ణయు ఇచ్చిన మాటను కుదింపలేదు, పెంపలేదు. రాణి చేసిన తక్కిన తప్పు లెట్లున్నను ఆ కడపటి గడువు విషయమున ఇరువురును మాట నిలుపుకొనిరి. మొన్న సాయంకాలము మా పిల్ల తల్లిని చేయిపట్టుకొని వాకిటిదాక నడిపించుచుండగా చూచి, పది దినముల జీతము పోయినదన్న విచారము నాకు మాసిపోయినది. కాని ఆ ముప్పదియేడు పుటలు మాత్రము మఱవలేదు. మీ యిండ్లలోని కాగితముల నొకసారి తీసి చూడుడని నా ప్రార్థన.